ఉద్యోగం కోసం కాని పరుగు

నందిగామలోనైనా జగ్గయ్యపేటలోనైనా తెల్లవారుజామున ఐదింటికి కాలేజీ గ్రౌండులో పరుగెత్తుతున్న కుర్రాణ్ని ఆపి ఎందుకు పరుగెత్తుతున్నావని అడిగితే చాలావరకు ఒకటే జవాబు వస్తుంది: ఈవెంట్స్, అంటే పోలీసు, సైన్యం ఉద్యోగాల దేహదారుఢ్య పరీక్షలు. ఆంధ్రప్రదేశ్‌లో కానిస్టేబుల్ పోస్టుకు మగవాళ్లు 1600 మీటర్లు 8 నిమిషాల్లో పూర్తిచేయాలి. గరికపాడు చెక్‌పోస్టు దాటి తెలంగాణలోకి వెళ్తే 2022 నోటిఫికేషన్ ప్రకారం అదే 1600కు 7 నిమిషాల 15 సెకన్లే గడువు. అగ్నివీర్ ర్యాలీకి వెళ్లేవాడు 1.6 కిలోమీటర్లను అయిదున్నర నిమిషాల్లో ముగిస్తేనే పూర్తి 60 మార్కులు. ఈ అంకెలు మా మెట్ట ప్రాంతపు కుర్రాళ్లకు కంఠోపాఠం.

అదే గ్రౌండులో నలభై దాటిన మనిషి కనిపిస్తే అతను నడుస్తూ ఉంటాడు. సుగర్ అనో బీపీ అనో డాక్టరు చెప్పి ఉంటాడు. ఆ వయసు మనిషి స్టాప్‌వాచ్ పట్టుకుని రౌండు రౌండుకూ టైమింగ్ చూసుకుంటూ పరుగెత్తితే కుర్రాళ్లు ముందు అడిగేది, "సార్, మీరే డిపార్ట్‌మెంటు?" అని. డిపార్ట్‌మెంటు ఏదీ లేదు, మాస్టర్స్ మీట్‌లో 1500 మీటర్లు ఐదు నిమిషాల్లోపు తీయాలని ప్రాక్టీసు చేస్తున్నానంటే ఇంకో ప్రశ్న వస్తుంది. "దానివల్ల ఏమొస్తుంది సార్?"

ఏమొస్తుందన్నది కాసేపు పక్కన పెడదాం. అసలు అది అయ్యే పనేనా? ఉద్యోగం, సంసారం, పొలం, షాపు చూసుకుంటూ ముప్ఫై అయిదు దాటాక ట్రాక్ మీద గట్టి లక్ష్యం పెట్టుకున్న మనిషి ఎంతదాకా వెళ్లగలడు, ఎక్కడ ఆగిపోతాడు, ఎందుకు ఆగిపోతాడు? నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. వయసు అడ్డంకే, కానీ మనవాళ్లను ఆపుతున్నది అది కాదు. ఎక్కువమంది తొందర వల్ల దెబ్బతింటున్నారు. మిగిలినవాళ్లు కొలిచిన నేల లేక, దగ్గర్లో పోటీ లేక నీరుగారిపోతున్నారు.

లక్ష్యం ఎంత గట్టిదో ముందు లెక్క చూద్దాం. 1500 మీటర్లు ఐదు నిమిషాల్లో అంటే ప్రతి 400 మీటర్లకూ 80 సెకన్లు. అగ్నివీర్ పూర్తి మార్కుల వేగంలో 1500 మీటర్లు పరుగెత్తితే 5 నిమిషాల 9 సెకన్లు పడుతుంది. అంటే నలభై రెండేళ్ల మనిషి సైన్యంలో చేరబోయే పద్దెనిమిదేళ్ల కుర్రాడికి పెట్టిన అత్యున్నత కొలత కన్నా ముందుండాలని అనుకుంటున్నాడు. చిన్న కోరిక కాదు. అలాగని గాలిలో మేడా కాదు. 1994 ఫిబ్రవరిలో ఐర్లండ్ పరుగువీరుడు ఈమన్ కాగ్లన్ 41 ఏళ్ల వయసులో హార్వర్డ్ ఇండోర్ ట్రాక్ మీద మైలును 3 నిమిషాల 58.15 సెకన్లలో ముగించాడు. నలభై దాటి నాలుగు నిమిషాల్లోపు మైలు తీసిన మొదటి మనిషి ఆయనే. మైలంటే 1609 మీటర్లు, మన కానిస్టేబుల్ 1600 కన్నా తొమ్మిది మీటర్లు ఎక్కువ. ఆయన ప్రపంచ స్థాయి ప్రొఫెషనల్, ఆ టైమింగ్ మనకు కొలమానం కాదు. నలభై దాటిన కాళ్లలో ఏముందో చెప్పడానికి మాత్రం అది చాలు.

వయసు విభాగాల సంగతి తెలియకపోతే మాస్టర్స్ పోటీలు అర్థం కావు. మన తిరునాళ్లలో బండలాగుడు చూసినవాళ్లకు మాత్రం ఇది కొత్త కాదు. పాలపళ్ల గిత్తలు, రెండు పళ్లవి, నాలుగు పళ్లవి, ఆరు పళ్లవి, ఆపైన సీనియర్లు. పళ్లు చూసి వయసు తేల్చి, ఆ వయసు జతకు ఆ వయసు జతతోనే పోటీ పెడతారు. మాస్టర్స్ అథ్లెటిక్స్ కూడా అంతే. ముప్ఫై అయిదేళ్లకు మొదలై అయిదేళ్లకో విభాగం: 35, 40, 45, అలా వందేళ్లు దాటేదాకా. 44 ఏళ్లవాడు తన విభాగంలో పెద్దవాడు, మరుసటి ఏడాది 45లోకి రాగానే అక్కడ చిన్నవాడు. వయసు పెరగడం కోసం ఎదురుచూసే ఆట ఇంకొకటి నాకు కనిపించలేదు.

ఈ విభాగాలతో మొదటి ప్రపంచ పోటీలు 1975లో టొరంటోలో జరిగాయి. 2022లో ఫిన్లండ్‌లోని టాంపెరెలో, 2024లో స్వీడన్‌లోని గోథెన్‌బర్గ్‌లో జరిగినవి ఆ వరసలోవే. ప్రపంచ మాస్టర్స్‌కు వెళ్లడానికి కనీస టైమింగ్ అంటూ ఏదీ లేదు. మన దేశ సమాఖ్య ద్వారా పేరిచ్చి, ఖర్చు పెట్టుకోగలిగితే చాలు. ఈ సంగతి తెలిసి కొందరు ఉత్సాహపడతారు, కొందరు చప్పరించేస్తారు. నాకైతే ఇది మంచి ఏర్పాటే. గేటు దగ్గర ఆపేవాడు లేనప్పుడు తన ప్రమాణం తానే పెట్టుకోవాలి. పత్రికల్లో "అంతర్జాతీయ పోటీలకు ఎంపిక" అని వచ్చే వార్తల్ని మాత్రం ఈ వెలుగులోనే చదవాలి.

వృద్ధుల కథలు మనదాకా బాగానే వచ్చాయి. పంజాబ్‌కు చెందిన మన్ కౌర్ 93 ఏళ్లకు పరుగు మొదలుపెట్టి, 2017లో ఆక్లండ్‌లో 101 ఏళ్ల వయసులో వంద మీటర్లను 74.58 సెకన్లలో ముగించింది. హర్యానా మూలాలున్న భగవానీ దేవి 94 ఏళ్లకు టాంపెరెలో వంద మీటర్ల స్వర్ణం 24.74 సెకన్లలో గెలిచింది. మన విశాఖపట్నంలో నౌకాదళం నుంచి రిటైరైన కమాండర్ వల్లభజోస్యుల శ్రీరాములు తొంభై దాటాక కూడా మాస్టర్స్ పోటీల్లో దిగారు. వీళ్లను చూస్తే మనసు నిండుతుంది. కానీ జగ్గయ్యపేటలో నలభై రెండేళ్ల మనిషికి ఈ కథలు దారి చూపవు. తొంభై దాటిన విభాగంలో పోటీదారులే అరుదు, ఆక్లండ్‌లో మన్ కౌర్ తన విభాగంలో ఒక్కతే. జనం కిక్కిరిసే విభాగాలు 35 నుంచి 60 దాకా ఉన్నవి. అక్కడికి వచ్చేవాళ్లలో చాలామంది కాలేజీ రోజుల్లో జిల్లా, రాష్ట్ర స్థాయి ఆడినవాళ్లు, పోలీసు, రైల్వే, సర్వీసెస్ జట్లలో పరుగెత్తినవాళ్లు, పీఈటీలు. మొదటిసారి వెళ్లే ఔత్సాహికుడు దీనికి సిద్ధపడి ఉండాలి. లేకపోతే మొదటి మీట్‌లో చివరి నుంచి రెండో స్థానంలో వచ్చి, నాకిక ఇది కాదని ఇంటికొచ్చేస్తాడు.

కెనడాలో స్థిరపడ్డ ఇంజినీరు ఎడ్ విట్‌లాక్ సంగతి అందుకే చెప్పుకోవాలి. 2004లో టొరంటోలో 73 ఏళ్ల వయసులో మారథాన్‌ను 2 గంటల 54 నిమిషాల 48 సెకన్లలో పూర్తిచేశాడు. ఇంటి దగ్గరి శ్మశానవాటికలో రోజూ గంటల తరబడి నెమ్మదిగా చుట్టూ పరుగెత్తడమే ఆయన సాధన. కోచ్ లేడు, జిమ్ లేదు. అయితే ఆయన ఇంగ్లండ్‌లో చదువుకునే రోజుల్లో మంచి పరుగువీరుడు. మధ్యలో ఏళ్ల తరబడి మానేసి నలభై దాటాక మళ్లీ మొదలుపెట్టాడు. వయసు మీరాక గెలిచినవాళ్ల కథల్లో ఈ "మళ్లీ" అన్న మాట చాలాచోట్ల దాగి ఉంటుంది. అసలు ఎప్పుడూ పరుగెత్తని మనిషి దాన్ని గమనించి తన లెక్క తాను వేసుకోవాలి.

ఇక శరీరం విషయం. కండరాలు నిమిషంలో గరిష్ఠంగా ఎంత ఆక్సిజన్ వాడుకోగలవో చెప్పే కొలతను వీఓ2 మ్యాక్స్ అంటారు. కూర్చుని గడిపేవాళ్లకు ముప్ఫై దాటాక అది పదేళ్లకు సుమారు పదిశాతం చొప్పున పడిపోతుంది. కష్టమైన సాధన ఆపకుండా చేసేవాళ్లలో ఆ పతనం దాదాపు సగానికి తగ్గుతుంది. కానీ మెట్ట ప్రాంతపు ఔత్సాహికుడికి ఇక్కడొక అనుకూలత ఉంది. అతను పాతికేళ్లప్పుడు తన గరిష్ఠ స్థాయిని చూడనే లేదు. పదిహేనేళ్లు మోటారు సైకిలు మీదే తిరిగిన మనిషికి, పోయినదాని కన్నా ఇంకా రానిదే ఎక్కువ. అందుకే నలభైలో మొదలుపెట్టినవాళ్లు చాలాసార్లు నాలుగైదేళ్లపాటు ఏటికేడు వేగం పెంచుకుంటూ పోగలుగుతారు. వయసు తగ్గించేదాని కన్నా సాధన కలిపేది ఎక్కువగా ఉన్నంతకాలం ఈ పెరుగుదల సాగుతుంది.

గుండె వేగం లెక్క చాలామందిని తప్పుదారి పట్టిస్తోంది. 220లోంచి వయసు తీసేస్తే గరిష్ఠ గుండె వేగం వస్తుందని జిమ్ గోడల మీద రాసి ఉంటుంది. 2001లో తనాకా బృందం చేసిన పరిశీలనలో 208లోంచి వయసుకు 0.7 రెట్లు తీసేయడం మరింత సరైనదని తేలింది. నలభై అయిదేళ్లకు రెండు లెక్కలూ దాదాపు ఒకటే. అరవై ఏళ్లకు మొదటిది 160 అంటే రెండోది 166 అంటుంది. ఏ లెక్కయినా సగటే, మనిషికీ మనిషికీ పది పన్నెండు స్పందనల తేడా మామూలే. మొదలుపెట్టినవాడికి చేతి గడియారం కన్నా నోరే మంచి సాధనం. పరుగెత్తుతూ పూర్తి వాక్యాలు మాట్లాడగలిగితే అది నెమ్మది పరుగు.

నేను మొదట తొందర అన్నది ఈ నెమ్మది పరుగు దగ్గరే బయటపడుతుంది. ఓర్పు క్రీడల్లో పైస్థాయి వాళ్ల సాధన చిట్టాలు ఏళ్ల తరబడి చూసిన స్టీఫెన్ సీలర్ వంటి పరిశోధకులు చెప్పింది ఒకటుంది: వాళ్ల సాధనలో సుమారు అయిదింట నాలుగు వంతులు తేలికపాటిదే. మన గ్రౌండుల్లో జరిగేది దీనికి తలకిందులు. ఈవెంట్స్ కుర్రాళ్లు రోజూ 1600 టైమింగ్ పెట్టి పరుగెత్తుతారు. ఈవెంట్స్ దగ్గరపడ్డాక గడువు తక్కువ కాబట్టి వాళ్ల తొందరకు కారణం ఉంది, ఇరవై ఏళ్ల కాళ్లు దాన్ని తట్టుకుంటాయి కూడా. పక్కనే ఉన్న నలభై ఏళ్ల మనిషి వాళ్లతో కలిసి రోజూ అదే చేస్తే ఆరోవారానికి పిక్క పట్టేస్తుంది, లేదంటే మడమ వెనక స్నాయువు వాస్తుంది. గుండె, ఊపిరి కొన్ని వారాల్లోనే సాధనకు అలవాటు పడతాయి. కండరాన్ని ఎముకకు కట్టి ఉంచే స్నాయువులకు నెలలు కావాలి. ఊపిరి సులువైంది కదా అని వేగం పెంచిన మనిషికి మడమ దగ్గర దెబ్బ తగిలేది ఈ తేడా వల్లే. మెట్ట ప్రాంతంలో మధ్యలో మానేసిన పెద్దవాళ్లను కదిలిస్తే ఎక్కువగా వినిపించేది ఈ మాటే: "బాగానే వస్తోంది, కాలు పట్టేసింది, మానేశా."

ఈ నెమ్మది సాధనకు ప్రపంచంలో దారివేసిన మనిషి కూడా ఒక ఔత్సాహికుడే. న్యూజిలాండ్‌లో ఆర్థర్ లిడియార్డ్ బూట్ల ఫ్యాక్టరీలో పనిచేసేవాడు, పాలు కూడా పోసేవాడు. రగ్బీ ఆడేవాడు కాబట్టి తనకు దమ్ముందనుకున్నాడు. ఒక పెద్దమనిషితో అయిదు మైళ్లు పరుగెత్తేసరికి ప్రాణం పోయినంత పనైంది. ఇప్పుడే ఇలా ఉంటే నలభై ఏడేళ్లకు ఎలా ఉంటానని భయపడి, తన శరీరం మీదే ఏళ్ల తరబడి ప్రయోగాలు చేశాడు. వారానికి ఎంత దూరం పరుగెత్తితే ఎలా ఉంటుంది, ఎంత వేగమైతే కోలుకోలేడు అని ఒక్కొక్కటీ పరీక్షించి చూసుకున్నాడు. వారానికి సుమారు వంద మైళ్ల నెమ్మది పరుగుతో పునాది వేసి, ఆ తర్వాతే కొండలు, ఆ తర్వాతే ట్రాక్ మీద వేగం అని తేల్చాడు. 1953లో, 1955లో తానే న్యూజిలాండ్ మారథాన్ ఛాంపియన్ అయ్యాడు. చాలావరకు చుట్టుపక్కల కుర్రాళ్లే ఆయన శిష్యులు. 1960 సెప్టెంబరు 2న రోమ్ ఒలింపిక్స్‌లో ఒకే రోజు ఆయన శిష్యులు పీటర్ స్నెల్ 800 మీటర్లు, ముర్రే హాల్బర్గ్ 5000 మీటర్లు గెలిచారు. ఎనిమిది వందల మీటర్ల ఆటగాడు ఆదివారం ఆదివారం 22 మైళ్ల కొండదారి పరుగెత్తి గెలిచాడంటే అప్పట్లో ఎవరూ నమ్మలేకపోయారు. వంద మైళ్లు మన ఉద్యోగస్తుడికి కుదిరే పని కాదు. మూడో వంతు కుదిరినా చాలు. లిడియార్డ్ దగ్గర తీసుకోవాల్సింది వరస: ముందు నెలల తరబడి తేలిక పరుగు, చివరి కొద్ది వారాలే పదును.

పరుగువీరుడు రోజర్ బానిస్టర్ కథలో అందరూ 1954 మే 6 నాటి 3 నిమిషాల 59.4 సెకన్ల మైలునే చెప్తారు. నాకు అంతకు ముందు జరిగింది ముఖ్యం. ఆయన వైద్య విద్యార్థి. మధ్యాహ్నం భోజన విరామంలో దొరికే కొద్ది సమయంలోనే సాధన. పావుమైలు పది సార్లు, మధ్యలో రెండేసి నిమిషాల విరామం. ఆ పావుమైలు 61 సెకన్లకు వచ్చి ఆగిపోయింది, ఎంత మొత్తుకున్నా 60కి రాలేదు. అప్పుడు స్నేహితుడు క్రిస్ బ్రాషర్‌తో కలిసి స్కాట్లండ్ కొండలెక్కడానికి పోయి, కొద్ది రోజులు పరుగే మానేశాడు. తిరిగొచ్చాక 59 వచ్చింది. మన ఔత్సాహికుడికి చెప్పి ఒప్పించలేనిది ఇదే. పెళ్లిళ్ల సీజన్లోనో పత్తి తీతలప్పుడో వారం రోజులు మానాల్సి వస్తే ఏదో నేరం చేసినట్టు బాధపడి, మరుసటి వారం రెండింతలు పరుగెత్తి కాలు విరగ్గొట్టుకుంటాడు.

మరి నేల? ఇక్కడ ఊరి పరిస్థితి నేరుగా అడ్డం వస్తుంది. ప్రమాణ ట్రాక్ 400 మీటర్లది. వంపుల వ్యాసార్ధం 36.5 మీటర్లు, రెండు వైపులా 84.39 మీటర్ల నేరు దారులు, ఎనిమిది లైన్లు వేయాలంటే సుమారు 177 మీటర్ల పొడవు, 93 మీటర్ల వెడల్పు స్థలం కావాలి. మన హైస్కూలు గ్రౌండుల్లో అంత చోటు ఉండడం అరుదు, ఉన్నా అందులో క్రికెట్ పిచ్ ఉంటుంది, ఎగ్జిబిషన్ పడుతుంది, సభలు జరుగుతాయి. సింథటిక్ ట్రాక్ కావాలంటే విజయవాడ దాటి ఆచార్య నాగార్జున విశ్వవిద్యాలయానికి పోవాలి. 2019లో జాతీయ జూనియర్ అథ్లెటిక్స్ అక్కడే జరిగాయి. అటు హైదరాబాదు వైపైతే గచ్చిబౌలి. నందిగామ నుంచి విజయవాడకే సుమారు యాభై కిలోమీటర్లు, జగ్గయ్యపేట నుంచి ఎనభై. వారానికి రెండుసార్లు వెళ్లి వచ్చే దూరం కాదు.

అయితే సింథటిక్ లేకపోవడం పెద్ద లోటని నేననుకోను. బానిస్టర్ పరుగెత్తింది బొగ్గుబూడిద పరిచిన ట్రాక్ మీద. లోటు కొలతది. 200 మీటర్ల మట్టి ట్రాక్‌కు కావలసింది మేకులు, తాడు, టేపు, సున్నం. వ్యాసార్ధం 18 మీటర్లు పెట్టుకుంటే రెండు నేరు దారులు 42.82 మీటర్ల చొప్పున రావాలి. గ్రౌండులో ముందు ఆ పొడవున రెండు మేకులు పాతి, వాటి మధ్య తాడు బిగించి, ఒక్కో మేకు నుంచి 18 మీటర్ల తాడుతో అర్ధచంద్రాకారం గీసి, వాటి కొసలను నేరుగా కలిపితే లోపలి గీత వస్తుంది. దూరాన్ని ఆ గీత మీద కాదు, దానికి 20 సెంటీమీటర్లు అవతల కొలవాలి. మనిషి గీత తొక్కుతూ పరుగెత్తడు కాబట్టి. ఎత్తుగట్టు ఉన్న ట్రాక్‌కైతే అది 30 సెంటీమీటర్లు. లైన్ వెడల్పు 1.22 మీటర్లు. ఈ తేడా చూడకుండా గీసిన రౌండు మీద వచ్చిన టైమింగ్ నిజం ట్రాక్ మీద నిలబడదు. చేతికి కట్టుకునే జీపీఎస్ గడియారాలు రోడ్డు మీద పనికొస్తాయి, ట్రాక్ వంపుల్లో తడబడతాయి. కొలిచిన 200 మీటర్ల రౌండు ఉంటే మన 1500 మీటర్ల మనిషికి లెక్క నోటి మీదే ఉంటుంది: రౌండుకు 40 సెకన్లు, ఏడున్నర రౌండ్లు.

కొలత మీద ఇంత పట్టుదల ఎందుకని అనిపిస్తే విశాఖపట్నం అమ్మాయి జ్యోతి యర్రాజిని అడగాలి. 2020లో అంతర్ విశ్వవిద్యాలయ పోటీల్లో వంద మీటర్ల హర్డిల్స్‌లో జాతీయ రికార్డు కన్నా మెరుగైన టైమింగ్ తీసింది, డోపింగ్ పరీక్ష వంటివి అక్కడ జరగనందువల్ల అది లెక్కలోకి రాలేదు. 2022 ఏప్రిల్‌లో కోజికోడ్‌లో 13.09 తీసింది, వెనక గాలి సెకనుకు 2.1 మీటర్లు, అనుమతి 2.0 మాత్రమే. అదీ పోయింది. అదే ఏడాది మే 10న సైప్రస్‌లోని లిమసోల్‌లో 13.23తో, 2002 నుంచి అనురాధా బిస్వాల్ పేరున ఉన్న 13.38ని దాటింది. తర్వాత 13 లోపు వచ్చింది, 2023లోనూ 2025లోనూ ఆసియా ఛాంపియన్ అయింది. రెండుసార్లు చేతికొచ్చింది జారిపోయినా ఆమె మూడోసారికి నిలబడింది. ఔత్సాహికుడికి గాలిమీటరు అక్కర్లేదు. కానీ తన 1500 నిజంగా 1500 మీటర్లేనని తెలిసి ఉండాలి.

జ్యోతిని గానీ, పారిస్ పారాలింపిక్స్ 400 మీటర్లలో కాంస్యం తెచ్చిన ఉమ్మడి వరంగల్ జిల్లా కల్లెడ అమ్మాయి జీవన్‌జీ దీప్తిని గానీ బడి వయసులో ఒక కన్ను గుర్తుపట్టింది. బడి దాటిన మనిషిని గుర్తుపట్టే ఏర్పాటు మనకు లేదు. రోడ్డు పరుగుల ఊపు వచ్చాక, 2007లో మొదలైన హైదరాబాద్ రన్నర్స్ వంటి బృందాల వల్ల నగరాల్లో పెద్దవాళ్లు బయటికొచ్చారు. మంచిదే. నా ఇష్టం మాత్రం ట్రాక్ వైపే. పది కిలోమీటర్లకు, హాఫ్ మారథాన్‌కు వెళ్తే పూర్తిచేసిన అందరికీ ఒకే మెడల్ వస్తుంది. మొదటి ఏడు అది ప్రోత్సాహం, మూడో ఏడు అది అలవాటు. 1500 మీటర్లు దాక్కోవడానికి చోటివ్వవు. ఊళ్లో ఉండి చేసుకోగలిగిన సాధన కూడా అదే. రోడ్డు పోటీల దూరాలు పరుగెత్తాలంటే లారీల మధ్య జాతీయ రహదారి 65 అంచు పట్టుకోవాలి, ట్రాక్ దూరాలకు గ్రౌండు, కాలవ గట్టు, మునేరు వైపు మట్టిబాట చాలు.

వాతావరణాన్ని తప్పించుకోలేం. నందిగామలో వాతావరణ శాఖ కేంద్రం ఉంది. మే నెల వచ్చిందంటే రాష్ట్రంలో ఎక్కువ ఎండ నమోదైన ఊళ్ల జాబితాలో నందిగామ, జగ్గయ్యపేట పేర్లు కనిపిస్తూనే ఉంటాయి, 45 డిగ్రీలు దాటిన రోజులున్నాయి. ఎండకు శరీరం అలవాటు పడటానికి పది నుంచి పద్నాలుగు రోజులు పడుతుంది, రక్తంలో ద్రవభాగం పెరుగుతుంది, చెమట ముందే మొదలవుతుంది. ఆ అలవాటు వల్ల లాభముంది గానీ మే నెలలో వేగం కోసం ప్రయత్నించడం వృథా. ఆ నెలలు నెమ్మది పరుగుకే, అదీ పొద్దు పొడవకముందే. వానాకాలంలో నల్లరేగడి గ్రౌండు బూటుకు అంటుకుని కాలు లేవనీయదు. అప్పుడు తారు సందులు, లేదంటే గుట్ట ఎక్కడం. లిడియార్డ్ కొండల దశకు జగ్గయ్యపేట చుట్టుపక్కల గుట్టలు సరిగ్గా సరిపోతాయి. దసరా దాటాక ట్రాక్, సంక్రాంతి ముందూ వెనకా పదును. ఈ నేల క్యాలెండరుకు లిడియార్డ్ వరస దానంతటదే కుదురుతుంది.

భద్రత సంగతి వదిలేయకూడదు. మనవాళ్లకు గుండె జబ్బులు పాశ్చాత్యుల కన్నా దాదాపు పదేళ్లు ముందే వస్తున్నాయి. నలభై దాటినవాళ్లు, అందులోనూ సుగర్, బీపీ, ఇంట్లో గుండెపోటు చరిత్ర ఉన్నవాళ్లు వేగం జోలికి పోయే ముందు ఈసీజీ, టీఎంటీ చేయించుకుని డాక్టరుతో మాట్లాడాలి. పరుగులో ఛాతీ పట్టేసినా కళ్లు తిరిగినా ఆ రోజు అంతటితో ఆపాలి. ఇంకో విషయం చాలామందికి తెలియదు. డోపింగ్ నిషేధాలు మాస్టర్స్‌కూ వర్తిస్తాయి. సుగర్‌కు తీసుకునే ఇన్సులిన్, బీపీకి ఇచ్చే కొన్ని నీటి బిళ్లలు, మోకాలి నొప్పికి వేసే స్టెరాయిడ్ ఇంజెక్షన్ ఆ జాబితాలో ఉన్నాయి. మందు మానేయమని అర్థం కాదు. వైద్య కారణం చూపించి ముందుగా అనుమతి తీసుకునే పద్ధతి ఉంది. వీధి చివర ఆర్‌ఎంపీ దగ్గర నొప్పికి సూది వేయించుకుని మర్నాడు రాష్ట్ర పోటీకి బయలుదేరే మనిషికి ఈ మాట ఎవరో ఒకరు చెప్పాలి.

ఆడవాళ్ల పరిస్థితి ఇంకా భిన్నం. విభాగాలు వాళ్లకూ 35 నుంచే. కానీ చీకటి ఉండగానే గ్రౌండుకు రావాలంటే కుక్కలు, లైట్లు లేని దారులు, ఇంట్లో వంట పని అన్నీ దాటుకుని రావాలి. మన రాష్ట్రంలో సగానికి పైగా స్త్రీలకు రక్తహీనత ఉందని జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలు చెప్తున్నాయి. ఐరన్ తక్కువైన శరీరంతో ఎంత సాధన చేసినా ఊపిరి అందదు, మందగించిందనుకుని ఇంకా గట్టిగా పరుగెత్తితే మరింత నీరసం. వాళ్లకు కోచ్ కన్నా ముందు హిమోగ్లోబిన్ పరీక్ష కావాలి. నలుగురైదుగురు కలిసి రావడం మొదలైతే గ్రౌండు స్వభావమే మారిపోతుంది.

ఏమొస్తుంది సార్ అన్న ప్రశ్నకు ఇప్పుడు వద్దాం. డబ్బు రాదు, పైగా పోతుంది. ఎంట్రీ ఫీజు, రైలు టికెట్టు, లాడ్జి అన్నీ సొంత ఖర్చే, విదేశీ పోటీలైతే లక్షలు. ఈ రంగంలో మాస్టర్స్ పేరుతో ఒకటికి మించి సంస్థలు ఉన్నాయి. డబ్బు కట్టేముందు ప్రపంచ మాస్టర్స్ అథ్లెటిక్స్ గుర్తింపు దేనికుందో చూసుకోవాలి. వచ్చేది ఒకటే. మనిషికి సగం జీవితం అయ్యాక ఎవరూ మార్కులు వేయరు. ఉద్యోగంలో సీనియారిటీ కాలంతో వస్తుంది, ఇంట్లో పెద్దరికం వయసుతో వస్తుంది. 1500 మీటర్ల టైమింగ్ ఒక్కటి నువ్వు చేసినంతే ఇస్తుంది. వయసును బట్టి సవరించి, ప్రపంచ ప్రమాణంతో పోల్చి శాతం చెప్పే పట్టికలు కూడా ఉన్నాయి. 60 శాతం దాటితే స్థానిక స్థాయి, 70కి ప్రాంతీయ, 80కి జాతీయ, 90కి ప్రపంచ స్థాయి అని వాడుక. యాభై ఏళ్ల మనిషి ముప్ఫైలో తన టైమింగ్ కన్నా వెనకబడి కూడా శాతంలో ముందుండవచ్చు. జపాన్‌లో యూకీ కవాచి హైస్కూలు ఆఫీసులో పూర్తికాలం గుమాస్తాగిరీ చేస్తూనే 2018లో వర్షంలో బోస్టన్ మారథాన్ గెలిచాడు. అంత ఎత్తు అందరికీ కుదరకపోయినా, ఉద్యోగమూ పరుగూ ఒకే మనిషిలో ఇమిడే రెండు పనులని అతను నిరూపించాడు.

కాబట్టి చేయాల్సిన పని ఈ రెండు ఊళ్ల మధ్యే ఉంది. నందిగామకూ జగ్గయ్యపేటకూ సుమారు ముప్ఫై కిలోమీటర్లు. నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా నెలకో ఆదివారం, ఒక నెల అక్కడ, ఒక నెల ఇక్కడ, కొలిచిన ట్రాక్ మీద 1600 మీటర్ల మీట్ పెట్టవచ్చు. ఈవెంట్స్ కుర్రాళ్లు ఎలాగూ పరుగెత్తుతున్నారు, వాళ్లకు అది మంచి ట్రయల్. వాళ్ల వెనక అదే హీట్‌లో టీచర్లు, రైతులు, సిమెంటు ఫ్యాక్టరీ షిఫ్టు దిగినవాళ్లు పరుగెత్తుతారు. కావలసింది విజిల్ పట్టుకునే పీఈటీ ఒకరు, రెండు స్టాప్‌వాచీలు, బస్తా సున్నం, రౌండ్లు లెక్కపెట్టేందుకు నలుగురు పిల్లలు, పేరూ వయసూ టైమింగూ రాసి గోడకు అంటించే ఒక కాగితం. మెడళ్లు, ముఖ్య అతిథులు, ఫ్లెక్సీలు వద్దు. మొదటి నెల పదిమంది వచ్చినా జరపాలి. వాళ్లలో నలభై దాటినవాళ్లు ఇద్దరుంటే రెండో నెల వాళ్ల వయసు విభాగానికి కాగితంలో విడిగా గడి గీయవచ్చు.